ఫైబర్ వచ్చినా వేగం ఎందుకు రాదు? ఇంటి ఫైర్‌వాల్‌లో నెట్‌వర్క్ కార్డు చిక్కులు

జగదల్‌పూర్: బస్తర్ అడవులను, ఘాట్ దారులను దాటుకొని ఆప్టికల్ ఫైబర్ ఒక ఇంటి గుమ్మం వరకు రావడం సామాన్యమైన విషయం కాదు. 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లాలోని జాంగ్లాలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ బస్తర్ ఇంటర్నెట్ ప్రాజెక్టు తొలి దశను ప్రారంభించారు. కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, బస్తర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్ జిల్లాలను ఫైబర్‌తో కలపడం దాని ఉద్దేశం. వామపక్ష తీవ్రవాద ప్రభావిత ప్రాంతాల్లో తొలి దశలో నెలకొల్పిన 2,343 మొబైల్ టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. ఒకప్పుడు ఫోన్‌లో మాట వినిపించడమే కష్టమైన చోట్ల నేడు బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్ల గురించి చర్చ సాగుతోంది.

అయితే ఇంత దూరం వచ్చిన వేగం ఇంటి లోపల చివరి రెండు మీటర్లలో జారిపోవడం తరచుగా జరిగే సంగతే. 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు చెల్లించిన వినియోగదారుడు కంప్యూటర్‌లో కొలిచి చూస్తే 94 వద్ద అంకె ఆగిపోతుంది. ప్లాన్‌ను 500కు పెంచినా అదే 94. లోపం సేవాసంస్థదేనని ఫిర్యాదు చేస్తే, సిబ్బంది వచ్చి తమ పరికరం వద్ద కొలిచి వేగం సరిగానే ఉందని చెప్పి వెళ్లిపోతారు. ఇరువురూ చెప్పింది నిజమే. చిక్కు ఆ రెండు కొలతల మధ్య ఉన్న పెట్టెలో, అంటే ఫైర్‌వాల్‌లో, మరింత కచ్చితంగా చెప్పాలంటే దానిలోని నెట్‌వర్క్ కార్డులో దాగి ఉంటుంది.

జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు రోడ్డు మార్గంలో సుమారు 300 కిలోమీటర్లు. కొత్త కార్డు తెప్పించుకోవాలన్నా, నిపుణుణ్ణి పిలిపించుకోవాలన్నా రోజులు పడుతుంది. కిరందుల్, బచేలి గనుల పట్టణాల్లో, ఆంధ్ర, తెలంగాణ సరిహద్దున ఉన్న కోంటా, భోపాలపట్నం వంటి చోట్ల ఆ నిరీక్షణ ఇంకా ఎక్కువ. అందుచేత కార్డు మార్చే ముందు లోపం నిజంగా కార్డుదేనా అన్నది తేల్చుకోవడం ఇక్కడి వారికి మరింత అవసరం. విసిగిపోయి ఫైర్‌వాల్‌నే తీసి పక్కన పెట్టేవారూ ఉన్నారు. అలా చేస్తే వేగం తిరిగి రావచ్చు గానీ, ఇంట్లోని నిఘా కెమెరాలకు, ఫైళ్లు దాచుకునే పరికరాలకు ఉన్న అదనపు కాపలా పోతుంది.

ఇంటి ఫైర్‌వాల్ అంటే

సేవాసంస్థ ఇచ్చే ఫైబర్ మోడెమ్‌కు, ఇంట్లోని మిగతా పరికరాలకు మధ్య నిలిచి, ఏ సమాచారం లోపలికి రావచ్చో, ఏది బయటికి పోవచ్చో నిర్ణయించే యంత్రమే ఫైర్‌వాల్. చాలామంది దీన్ని ప్రత్యేకంగా కొనరు. పాత డెస్క్‌టాప్‌లో రెండు నెట్‌వర్క్ కార్డులు అమర్చి, పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుంటారు. ఒక కార్డు మోడెమ్ వైపు, మరొకటి ఇంటి వైపు. ఇంట్లోకి వచ్చే ప్రతి బిట్టూ ఈ రెండు కార్డులనూ దాటాలి. కాబట్టి రెంటిలో ఏది నెమ్మదిస్తే ఇల్లంతటికీ అదే వేగం.

ముందుగా ఒక మాటల చిక్కు విప్పుకోవాలి. వ్యవహారంలో 'వంద ఎంబీ ప్లాన్' అంటాం, డౌన్‌లోడ్ చేసిన సినిమా 'ఏడు వందల ఎంబీ' అని కూడా అంటాం. మొదటిది సెకనుకు మెగాబిట్లు, రెండవది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఆంగ్లంలో చిన్న అక్షరం, పెద్ద అక్షరం తేడాతో సూచించే ఈ భేదం తెలుగు ఉచ్చారణలో పూర్తిగా మాయమైపోయింది. ఫలితంగా 100 ఎంబీపీఎస్ లైనుపై బ్రౌజర్ సెకనుకు 12 మెగాబైట్లు చూపిస్తే, వేగం ఎనిమిదో వంతుకు పడిపోయిందని కంగారుపడేవారు ఉన్నారు. అక్కడ లోపమేమీ లేదు.

94 అనే అంకె చెప్పే కథ

కొలతలో సరిగ్గా 94 దగ్గర అంకె స్థిరపడితే అది యాదృచ్ఛికం కాదు. ఈథర్‌నెట్ తీగపై ప్రయాణించే ప్రతి పూర్తి ప్యాకెట్టూ, ముందూ వెనకా ఉండే సంకేతాలు, విరామం కలుపుకొని 1,538 బైట్ల చోటు తీసుకుంటుంది. అందులో వినియోగదారునికి చేరే అసలు సమాచారం సాధారణంగా 1,448 బైట్లు. మిగిలింది చిరునామాలకు, తనిఖీ సంఖ్యలకు పోతుంది. భాగించి చూస్తే సుమారు 94 శాతం. అంటే 100 ఎంబీపీఎస్ వద్ద కుదిరిన అనుసంధానం ఎంత ఆరోగ్యంగా ఉన్నా 94 దాటదు. గిగాబిట్ అనుసంధానం 941 వద్ద ఆగుతుంది. మూడు వందల ప్లాన్‌పై 94 కనిపించిందంటే, మార్గంలో ఎక్కడో ఒక ముడి 1,000కి బదులు 100 వద్ద ఒప్పందం చేసుకున్నదన్నమాట. అంకె 94 కాక 40, 60, 210 అంటూ ఊగిసలాడితే కారణం వేరే చోట వెతకాలి.

ఈ ఒప్పందం ఎలా కుదురుతుందో తెలిస్తే సగం పని పూర్తయినట్టే. తీగకు రెండు కొసల ఉన్న పరికరాలు, అసలు సమాచారం పంపే ముందు, చిన్న విద్యుత్ స్పందనల రూపంలో తమ తమ సామర్థ్యాలను ప్రకటించుకుంటాయి. ఇద్దరికీ చేతనైన వేగాల్లో అత్యధికమైనదాన్ని ఎంచుకుంటాయి. దీన్ని ఆటో నెగోషియేషన్ అంటారు. 1995లో 100 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ ప్రమాణంతో పాటు ఇది వచ్చింది. రాగి తీగపై గిగాబిట్ ప్రమాణం 1999లో వెలువడినప్పుడు దీన్ని తప్పనిసరి చేశారు.

ఇక్కడే ఒక సూక్ష్మం ఉంది. ఈథర్‌నెట్ కేబుల్‌లో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలిపెట్టి ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు; కొనలోని 1, 2, 3, 6 స్థానాల్లో అమరే తీగలు అవే. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. పై స్పందనలు మాత్రం మొదటి రెండు జతల మీదే నడుస్తాయి. అందువల్ల 4, 5, 7, 8 స్థానాల్లో ఒక్క తీగ తెగినా, రెండు కార్డులూ 'వెయ్యి చేతనవును' అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి, తీరా ఆరంభించబోతే కుదరదు. కొన్ని కార్డులు అప్పుడు వందకు దిగి పని కానిస్తాయి. కొన్ని అసలు అనుసంధానమే ఇవ్వక, దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. మొదటి రకం చిక్కు ఎక్కువ ప్రమాదకరం. అంతా పని చేస్తున్నట్టే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

కేబుల్ నుంచే మొదలు

ఫైర్‌వాల్ నిర్వహణ పేజీలో ప్రతి కార్డు ఎదుట దాని ప్రస్తుత వేగం రాసి ఉంటుంది. 1000బేస్-టీ, ఫుల్ డ్యూప్లెక్స్ అని ఉంటే ఒప్పందం సరైనదే. 100బేస్-టీఎక్స్ అని ఉంటే మొదట అనుమానించవలసింది కార్డును కాదు, కేబుల్‌ను. లినక్స్ ఆధారిత ఫైర్‌వాల్‌లో ఇథ్‌టూల్, ఫ్రీబీఎస్‌డీ ఆధారిత పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్‌లలో ఇఫ్‌కాన్ఫిగ్ అనే ఆదేశాలు ఇదే సమాచారాన్ని ఇస్తాయి. మోడెమ్ వైపు కార్డును, ఇంటి వైపు కార్డును రెంటినీ చూడాలి. ఒకటి బాగుండి, మరొకటి వందలో చిక్కుకొని ఉండవచ్చు.

గిగాబిట్‌పై నడుస్తున్నదని రుజువైన కేబుల్‌ను తెచ్చి మార్చి చూడటమే అతి చౌకైన పరీక్ష. బస్తర్ వంటి చోట్ల కేబుల్ చెడిపోవడానికి కారణాలు కొరత లేకుండా దొరుకుతాయి. వానాకాలపు తేమకు కొనలోని లోహపు రేకులు మకిలి పడతాయి. అటక మీద ఎలుకలు కొరుకుతాయి. స్థానికంగా కొన నొక్కేటప్పుడు ఒక తీగ లోపలి దాకా పోకుండా మిగిలిపోతుంది. తక్కువ ధరకు దొరికే కేబుళ్లలో అనేకం లోపల అల్యూమినియం, పైన పలుచని రాగి పూత కలవి. వాటి విద్యుత్ నిరోధం ఎక్కువ, నాలుగుసార్లు వంచితే లోపలి తీగ విరుగుతుంది. బ్లేడుతో తీగ కొసను గీకి చూస్తే వెండి రంగు బయటపడుతుంది. అసలు రాగి అయితే లోపలంతా ఒకే రంగు. కొనలో రంగుల వరుస కూడా చూడాలి. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అన్నది ఎక్కువగా వాడే క్రమం. రెండు వైపులా ఒకటే అయితే చాలునని వేరే వరుస పెట్టుకుంటే చిన్న టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ వెలుగుతాయి గానీ, మెలిపెట్టిన జతలు విడిపోయి సంకేతాలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి. టెస్టర్ బాగుందన్న కేబుల్ నెట్ మాత్రం ఇవ్వకపోవడానికి ఒక కారణం ఇదే.

కేబుల్ మార్చినా వందే వస్తున్నదంటే అవతలి కొస చూడాలి. సేవాసంస్థలు ఇచ్చే ఫైబర్ మోడెమ్‌లలో అనేకం వెనుక నాలుగు పోర్టులున్నా, వాటిలో ఒక్కటే గిగాబిట్ పోర్టుగా, మిగిలినవి 100 ఎంబీపీఎస్‌వి అయి ఉంటాయి. పోర్టు పక్కన అక్షరాలు చూసి, లేదా పోర్టు మార్చి చూసి తేల్చుకోవాలి. కేబుల్‌ను పక్క పోర్టుకు మార్చగానే తీరిపోయే సమస్య కోసం రాయ్‌పూర్ నుంచి కార్డు తెప్పించుకున్న ఇళ్లూ ఉండవచ్చు. మధ్యలో కెమెరాల కోసం పెట్టుకున్న చౌక స్విచ్ ఉంటే దాని పోర్టులు సైతం వందవే అయి ఉండే అవకాశం ఎక్కువ.

ఒకే పట్టాల దారిలో రెండు రైళ్లు

కొత్తవలస-కిరందుల్ రైలు మార్గాన్ని ఇనుప ఖనిజం తరలింపు కోసం 1960లలో ఒకే లైనుగా నిర్మించారు. అలాంటి దారిలో ఎదురెదురు రైళ్లలో ఒకటి స్టేషన్‌లో ఆగితేనే రెండవది కదులుతుంది. నెట్‌వర్క్ పరిభాషలో ఇదే హాఫ్ డ్యూప్లెక్స్. రెండు లైన్లుండి, ఇరువైపులా ఒకేసారి రాకపోకలు సాగితే ఫుల్ డ్యూప్లెక్స్. ఇప్పుడు ఒక స్టేషన్ మాస్టర్ రెండు లైన్లున్నాయనుకొని, మరొకరు ఒక్కటేనని అనుకుంటే ఏమవుతుందో, డ్యూప్లెక్స్ పొరపొచ్చంలో కార్డుకు అదే జరుగుతుంది.

ఈ పొరపొచ్చం చాలాసార్లు మనిషి చేతిచలవే. వేగం పెరుగుతుందన్న ఆశతో ఎవరో ఫైర్‌వాల్‌లో '100, ఫుల్ డ్యూప్లెక్స్' అని గట్టిగా నిర్ణయించేస్తారు. అవతలి పరికరం మాత్రం ఆటో నెగోషియేషన్ కోసం ఎదురు చూస్తుంది. జవాబు రాకపోతే, సంకేతాల తీరును బట్టి వేగం 100 అని గ్రహించగలదు గానీ డ్యూప్లెక్స్ సంగతి గ్రహించలేదు. నియమం ప్రకారం హాఫ్ అని భావించుకుంటుంది. ఆ తర్వాత కనిపించే లక్షణం విచిత్రంగా ఉంటుంది. పింగ్ పరీక్ష చక్కగా నడుస్తుంది, వార్తల పేజీలు తెరుచుకుంటాయి, కానీ పెద్ద ఫైలు లేదా వీడియో తరగతి మొదలుపెడితే వేగం కుప్పకూలుతుంది. విద్యార్థి తరగతి అర్ధాంతరంగా తెగిపోతుంది, ఫిర్యాదుకు వచ్చిన సిబ్బంది పింగ్ కొట్టి చూస్తే అంతా బాగుంటుంది.

ఇందుకు సాక్ష్యం కార్డు లెక్కల్లో దొరుకుతుంది. ఫైర్‌వాల్ ప్రతి కార్డుకూ లోపాల సంఖ్యను రాసి పెట్టుకుంటుంది. ఫుల్ వైపు తనిఖీ లోపాలు, హాఫ్ వైపు ఆలస్యపు ఢీలు పెరుగుతూ ఉంటే రోగం ఇదే. ఆ అంకె ఎంత ఉన్నదన్నది ముఖ్యం కాదు, డౌన్‌లోడ్ నడుస్తుండగా పెరుగుతున్నదా లేదా అన్నది ముఖ్యం. పరిష్కారం సులువైనది: రెండు వైపులా ఆటోకు వదిలేయడం. గిగాబిట్‌లో వేగాన్ని బలవంతంగా నిర్ణయించవలసిన అగత్యం ఇంటి వాడుకలో దాదాపు ఎప్పుడూ రాదు.

కార్డు, డ్రైవర్, స్లాట్

ఒప్పందం 1,000 వద్దే ఉంది, లోపాలు లేవు, అయినా వేగం రావడం లేదు. అప్పుడు కార్డు వంతు. పాత కంప్యూటర్‌లోని తెల్లని పీసీఐ స్లాట్ సెకనుకు గరిష్ఠంగా 133 మెగాబైట్లు మోయగలదు. దాన్ని అన్ని కార్డులూ, రాకపోకలు రెండూ కలిసి పంచుకోవాలి. అలాంటి స్లాట్లలో రెండు గిగాబిట్ కార్డులు పెడితే పూర్తి వేగం ఆశించడం అత్యాశే. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో తొలి తరపు అతి చిన్న స్లాట్ సైతం ఒక గిగాబిట్ కార్డుకు సరిపోతుంది. యూఎస్‌బీ ద్వారా తగిలించే కార్డుల విషయంలో, 2.0 పోర్టు సైద్ధాంతిక పరిమితే 480 ఎంబీపీఎస్. అసలు చేతికందేది అంతకన్నా బాగా తక్కువ.

చిప్ తయారీదారును బట్టి కూడా తేడా వస్తుంది. ఫ్రీబీఎస్‌డీ ఆధారిత ఫైర్‌వాల్ వాడేవారు ఇంటెల్ చిప్ కార్డులను కోరుకోవడానికి కారణం డ్రైవర్ల నాణ్యత. మదర్‌బోర్డులపై విరివిగా కనిపించే రియల్‌టెక్ చిప్‌లు విండోస్‌లో చక్కగా నడిచినా, ఫ్రీబీఎస్‌డీలో భారం పెరిగితే తడబడిన అనుభవాలు ఎన్నో ఉన్నాయి. ఓపీఎన్‌సెన్స్‌లో తయారీదారు డ్రైవర్‌ను ప్లగిన్‌గా ఎక్కించుకుంటే కొన్నిచోట్ల పరిస్థితి మెరుగుపడుతుంది. అయితే ఇంటెల్ పేరుంటే చాలునని కూడా అనుకోరాదు. 2.5 గిగాబిట్ వేగంతో వచ్చిన ఐ225 చిప్ తొలి విడతల్లో ప్యాకెట్ల మధ్య విరామం విషయంలో లోపం ఉన్నట్టు 2020లో బయటపడింది. కొన్ని స్విచ్‌లతో కలిస్తే ప్యాకెట్లు జారిపోయేవి. వేగాన్ని ఒక గిగాబిట్‌కు తగ్గించుకోవడమే నాడు సూచించిన తాత్కాలిక మార్గం. ఇంటర్నెట్‌లో అమ్మే చౌక 'ఇంటెల్' కార్డుల్లో నకిలీలూ ఉంటాయి.

ఇంకొక అమరిక గురించి చెప్పుకోవాలి. ప్రాసెసర్ శ్రమ తగ్గించేందుకు, ప్యాకెట్లను కలిపి పెద్దవి చేయడం, విడదీయడం, తనిఖీ సంఖ్యలు లెక్కించడం వంటి పనులను కార్డే చేసిపెట్టే సౌకర్యం ఉంది. దాన్ని హార్డ్‌వేర్ ఆఫ్‌లోడింగ్ అంటారు. సమాచారాన్ని స్వయంగా వాడుకునే సర్వర్‌కు ఇది మేలు. ఒకవైపు అందుకొని మరోవైపుకు పంపడమే పనిగా ఉన్న ఫైర్‌వాల్‌కు ప్యాకెట్లను కలిపే, విడదీసే రెండు రకాల ఆఫ్‌లోడింగూ హానికరం. వాటిని ఆపి ఉంచాలి. తనిఖీ సంఖ్యల ఆఫ్‌లోడింగ్ సాధారణంగా మంచిదే అయినా, కొన్ని రియల్‌టెక్ కార్డులతోను, వర్చువల్ యంత్రంలో నడిపే ఫైర్‌వాల్‌తోను అది కూడా అవరోధమే అవుతుంది. అమరిక మార్చిన తర్వాత ఫైర్‌వాల్‌ను రీస్టార్ట్ చేసి మళ్లీ కొలవాలి. ఒకేసారి మూడు అమరికలు మార్చి చూస్తే, నయమైనా దేనివల్ల నయమైందో తెలియదు.

నింద కార్డు మీద, దోషం వేరొకరిది

అన్నీ సరిగా ఉన్నా వేగం 200, 300 మధ్య ఆగిపోవడానికి పీపీపీఓఈ ఒక కారణం. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి బ్రాడ్‌బ్యాండ్‌లోకి ప్రవేశించే పద్ధతి ఇదే. ఆధునిక కార్డులు వచ్చిన ప్యాకెట్లను చిరునామాలను బట్టి ప్రాసెసర్‌లోని వేర్వేరు కోర్లకు పంచుతాయి. పీపీపీఓఈ చుట్టలో ఉన్న చిరునామాను అనేక కార్డులు చదవలేవు. అప్పుడు భారమంతా ఒకే కోర్ మీద పడుతుంది. నాలుగు కోర్లున్న యంత్రంలో మొత్తం వాడకం 25 శాతమే చూపిస్తుంది, చూసినవారు ప్రాసెసర్ ఖాళీగా ఉన్నదనుకుంటారు. కోర్ల వారీగా చూస్తే ఒకటి పూర్తిగా మునిగి ఉంటుంది. ఫ్రీబీఎస్‌డీలో ప్యాకెట్ల పంపిణీని వాయిదా పద్ధతికి మార్చే అమరిక వల్ల కొంత ఉపశమనం లభిస్తుంది. పీపీపీఓఈ ప్రతి ప్యాకెట్‌లోనూ 8 బైట్లు తీసుకుంటుంది గనుక గరిష్ఠ పరిమాణాన్ని 1,500 నుంచి 1,492కు తగ్గించాలి. లేకుంటే కొన్ని వెబ్‌సైట్లు తెరుచుకోకుండా మొరాయిస్తాయి. చొరబాట్లను పసిగట్టే సురికాటా వంటి సాధనాలు, వీపీఎన్ కూడా ఇలాగే ప్రాసెసర్‌ను ఆక్రమిస్తాయి. వాటిని కాసేపు ఆపి కొలిస్తే సంగతి బయటపడుతుంది.

కొలిచే పద్ధతిలోనూ పొరపాటు జరుగుతుంది. ఫైర్‌వాల్ మీదే వేగ పరీక్ష నడిపితే, పరీక్షను నడిపే భారం కూడా దాని మీదే పడి, వచ్చే అంకె తక్కువగా ఉంటుంది. మోడెమ్ వైపు ఒక కంప్యూటర్, ఇంటి వైపు ఒక కంప్యూటర్ ఉంచి, ఐపెర్ఫ్3 అనే ఉచిత సాధనంతో ఫైర్‌వాల్ గుండా సమాచారం పంపితే కార్డుల అసలు సామర్థ్యం తెలుస్తుంది. దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు, నెట్ లేని రోజునా చేయవచ్చు. లోపలి వైపు నుంచి పరీక్ష ప్రారంభించాలి. బయటి నుంచి వచ్చేదాన్ని ఫైర్‌వాల్ అడ్డుకుంటుంది, అది దాని విధి. వైఫై మీద కొలిచిన అంకెను ఈ లెక్కలోకి తీసుకోకూడదు.

పిడుగు పడిన మరునాడు

రుతుపవనాలకు ముందు బస్తర్‌లో ఉరుములు, పిడుగులు సాధారణం. ఫైబర్ గాజు కాబట్టి విద్యుత్తును మోయదు. అయినా మోడెమ్ అడాప్టర్ ద్వారా, పై అంతస్తుకో పక్క ఇంటికో ఆరుబయట లాగిన రాగి కేబుల్ ద్వారా విద్యుదాఘాతం లోపలికి వస్తుంది. దెబ్బ తిన్న కార్డు ప్రతిసారీ పూర్తిగా చచ్చిపోదు. నాలుగు జతల్లో ఒక జత మాత్రమే పాడై, ఆ రోజు వరకు వెయ్యి చూపిన పోర్టు వందకు దిగుతుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది. గాలివాన తర్వాత వేగం పడిపోయిందని, కేబుల్ మార్చినా తీరలేదని తెలిస్తే, అప్పుడు మాత్రం కార్డు కోసం ఆర్డరు పెట్టడం సబబే. ఒక భవనం నుంచి మరో భవనానికి రాగికి బదులు ఫైబర్ వేసుకుంటే మళ్లీ ఆ ప్రమాదం ఉండదు.

ఇన్ని పరీక్షల తర్వాత దోషం ఇంటి బయటిదేనని తేలవచ్చు. మోడెమ్‌లోని గిగాబిట్ పోర్టుకు మంచి కేబుల్‌తో ఒకే కంప్యూటర్ తగిలించి, ఉదయం, సాయంత్రం, రాత్రి మూడు వేళల్లో కొలిచిన అంకెలను తేదీతో సహా రాసి పెట్టుకుంటే ఫిర్యాదుకు బలం చేకూరుతుంది. 2023 జనవరిలో ప్రభుత్వం సవరించిన నిర్వచనం ప్రకారం బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కనీస డౌన్‌లోడ్ వేగం 2 ఎంబీపీఎస్ మాత్రమే. అంతకు ముందు అది 512 కేబీపీఎస్. కనుక ఫిర్యాదులో ప్లాన్‌లో వాగ్దానం చేసిన వేగాన్నే ప్రస్తావించాలి. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ముందు సేవాసంస్థ ఫిర్యాదు కేంద్రంలో నమోదు చేసి డాకెట్ సంఖ్య తీసుకోవాలి. అక్కడ పరిష్కారం లభించకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి రుసుము లేకుండా అప్పీలు చేసుకోవచ్చు.